కల్లోలిత ప్రాంతంలో సాక్షి

వేములవాడలో పుట్టి పెరిగినవాళ్ళకు జనసమ్మర్దం కొత్త కాదు. మా చిన్నతనంలో శివరాత్రి వచ్చిందంటే ఊరికి ఊరే సత్రమయ్యేది. వచ్చినవాళ్ళు ధర్మగుండంలో మునిగేవాళ్ళు, కోడెను పట్టుకొని గుడిచుట్టూ తిప్పి కట్టేసి మొక్కు చెల్లించుకునేవాళ్ళు, గుడి ఆవరణలోనే ఉన్న దర్గాకు కూడా దండం పెట్టి పోయేవాళ్ళు. ఆ రాత్రి మా అరుగు మీద ఏ ఊరివాళ్ళో పడుకునేవాళ్ళు. ఎవరని అడిగే ఆనవాయితీ లేదు. అంత జనం మధ్య పెరిగిన నాకు 'కల్లోలం' అనే మాట మా ఊరికి కూడా వర్తిస్తుందని తెలిసింది 1978 అక్టోబరులో. బస్టాండు పక్కన హోటల్లో, చాయ్ మరకలు పడిన పత్రికలో చదివాను. కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను రాష్ట్రప్రభుత్వం 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. మా వేములవాడ సిరిసిల్ల తాలూకాలోనిదే. పక్కబల్ల మీద కూచున్న ముసలాయన ఒకాయన నాతో ఆ వార్త రెండుసార్లు చదివించుకొని, "కల్లోలమెక్కడయ్యింది బిడ్డా, నాకేం కనవడలే" అన్నాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ తర్వాత ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్న ఒక కారణం. రెండో కారణం నా సొంతది, దాని సంగతి తర్వాత చెబుతాను.

నిర్బంధం అనగానే మనకు తుపాకీ, లాఠీ, జైలు గుర్తొస్తాయి. మన కథల్లో, కవిత్వంలో కూడా అవే ఎక్కువ. అవి అబద్ధం కాదు. కాని నిరంకుశ పాలన తొట్టతొలుత వెతుక్కుంటూ వచ్చేది ఆయుధం పట్టినవాణ్ణి కాదు, చూసినవాణ్ణి. ఏం జరిగిందో చూసి, లెక్కపెట్టి, తేదీ వేసి రాసి, నలుగురికీ చెప్పగలవాణ్ణి. సాక్షి లేకుండా చేసుకోగలిగితే తక్కిన పనులన్నీ పాలకులకు సులువవుతాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం నాకు నేర్పింది ఇదే.

ముందుగా ఆ చట్టమేమిటో చూద్దాం. కల్లోలిత ప్రాంతాల చట్టమని మనం పిలుచుకునేది 1948లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు ఉద్యమాన్ని అణచడానికి చేసిన చట్టం. దాని అసలు పేరు కల్లోలాల అణచివేత చట్టం. తెల్లవాడు వెళ్ళిపోయి ఏడాది కూడా నిండని రోజుల్లో చేసినది. ఆంధ్రప్రదేశ్‌కు అది వారసత్వంగా వచ్చింది. 1969లో శ్రీకాకుళం గిరిజన ప్రాంతాల మీద ప్రయోగించారు, 1978లో మా మీద. దాని పని తీరు చాలా తేలిక. ప్రభుత్వం గెజిట్‌లో ఒక ప్రకటన చేస్తే చాలు, ఆ ప్రాంతం కల్లోలితమవుతుంది. అక్కడ ఐదుగురు గాని అంతకు మించి గాని గుమిగూడరాదనే ఉత్తర్వు ఉన్నప్పుడు, దాన్ని మీరినవారిమీద హెచ్చరిక చేసి ప్రాణం పోయేలా కాల్పులు జరిపే అధికారం సబ్‌ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారికి కూడా దక్కుతుంది. ఆ పని చేసినవారిమీద ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టుకు పోవడానికి వీల్లేదు. హెచ్చరిక చేశారా లేదా, చేస్తే ఏ భాషలో చేశారు, ఎవరికి వినిపించింది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు అక్కడ ఉండి చూసినవాడొక్కడే. ఆ చూసినవాడు కూడా గుమిగూడినవాళ్ళలో ఒకడే గనక చట్టం దృష్టిలో నేరస్తుడు. ఒకే ప్రకటనతో నేరమూ పుట్టింది, సాక్షీ మాయమయ్యాడు.

రాజన్న గుడిలో లక్షమంది కూడితే జాతర. వేపచెట్టు కింద ఆరుగురు కూలీలు కూడితే కల్లోలం.

ఇంతకీ ఆ కూలీలు ఏం చేశారు? మా జిల్లాలో దొర అంటే భూమిగల ఆసామి మాత్రమే కాదు. పంచాయతీ చెప్పేదీ, దండుగలు వేసేదీ, పెళ్ళికీ చావుకూ పన్నులు పట్టేదీ, వెట్టి చేయించుకునేదీ ఆయనే. సాయుధపోరాటం ముగిసి పాతికేళ్ళయినా గడీలు గడీలుగానే ఉన్నాయి. ఎమర్జెన్సీ ఎత్తేశాక రైతుకూలీ సంఘాలు ఊరూరా పుట్టుకొచ్చాయి. వాటి కోరికలు చూస్తే ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది. దండుగ పేరుతో గుంజుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. వెట్టి మానాలి. కూలిరేటు పెంచాలి. దొరలు కలుపుకున్న బంజరు భూములు లేనివాళ్ళకు పంచాలి. ఇందులో చాలావాటికి అప్పటికే చట్టాలున్నాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు ఊళ్ళకు ఊళ్ళు నడిచి వచ్చాయి. దాన్ని జైత్రయాత్ర అన్నారు. కొన్ని ఊళ్ళలో చాకలి, మంగలి, జీతగాళ్ళు దొర ఇంటి పనికి పోవడం మానేశారు. తరతరాలుగా పేదవాణ్ణి వెలివేయడానికి వాడిన ఆయుధాన్ని తిప్పి దొరమీద పెట్టారు. నా దృష్టిలో ఆనాటి గొప్ప విషయం అదే. కొందరు దొరలు ఊళ్ళు విడిచి పట్నాలకు చేరుకున్నారు. అంతవరకూ వెట్టి నిషేధ చట్టం అమలుకు ఒక్క జవానునైనా పంపలేని ప్రభుత్వానికి అప్పుడు తాలూకాలో కల్లోలం కనిపించింది. బడుల్లో, గడీల్లో పోలీసు క్యాంపులు దిగాయి.

ఆ హోటల్లో ముసలాయనకు నేనివ్వాల్సిన జవాబు ఇదే కావచ్చు. కల్లోలం ఊళ్ళో కాలేదు, దొర ఇంట్లో నీళ్ళు తోడేవాడు లేకపోవడం వల్ల అయింది.

అంతకు మూడేళ్ళ ముందు దేశమంతా ఇలాంటి చీకటిలో ఉన్నదే. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది, 1977 మార్చి 21న పోయింది. ఈ మధ్యలో తెలంగాణ చూసినవి రెండు చెబుతాను. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, అతని ముగ్గురు సహచరులు 'ఎన్‌కౌంటర్'లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరు 1న ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఉరితీతకు కనీసం ఒక తీర్పు కాగితముంది, వాదించిన వకీళ్ళున్నారు, ఆపమని అడిగినవాళ్ళున్నారు. గిరాయిపల్లికి పోలీసు ప్రకటన తప్ప ఏమీ లేదు. పత్రికలమీద సెన్సారు. హెబియస్ కార్పస్ అడగబోతే, ఎమర్జెన్సీలో ప్రాణానికి కూడా కోర్టు పూచీ లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పడానికి 2017 దాకా పట్టింది.

ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో రిటైర్డ్ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. వాళ్ళు ఊళ్ళు తిరిగారు, అడవికి వెళ్ళారు, చుట్టుపక్కలవాళ్ళను అడిగారు. గిరాయిపల్లిలో ఆ నలుగురినీ పట్టుకొచ్చి, చెట్లకు కట్టేసి కాల్చారని రాశారు. చూసినవాళ్ళు రెండేళ్ళపాటు నోట్లో దాచుకున్న మాట అది. ఆ ఒత్తిడితో ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేసింది. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు సాక్షులను బోనులో నిలబెట్టి ప్రశ్నించడం మొదలుపెట్టారు. కథ అడ్డం తిరుగుతుందని తెలియగానే విచారణ బహిరంగంగా సాగడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. కమిషన్ పని మధ్యలోనే ముగిసింది. గమనించండి, నేరం బయటపడుతుందనే కాదు, సాక్షి మాట పదిమంది ముందు వినిపిస్తుందనే భయం. గదిలో అయితే ఫరవాలేదన్నారు!

ఇది మన దేశపు జాడ్యమే కాదు. మన దగ్గర ఎమర్జెన్సీ ఎత్తేసిన మూడు రోజులకు, 1977 మార్చి 24న, అర్జెంటీనాలో రొడాల్ఫో వాల్ష్ అనే రచయిత సైనికపాలకులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. వాళ్ళు అధికారం చేజిక్కించుకొని ఆనాటికి సరిగ్గా ఏడాది. మాయమైనవాళ్ళెందరు, జైళ్ళలో ఉన్నవాళ్ళెందరు, కూలిరేట్లు ఎంత పడిపోయాయి, అన్నీ లెక్కలు కట్టి రాశాడు. ప్రతులు టపాలో వేశాడు. మర్నాడు నడివీధిలో ఆయన్ని మాటువేసి కాల్చారు. శవం కూడా దొరకలేదు. వాల్ష్ కథకుడు కూడా. కాని ఆయన ప్రాణం తీసింది ఏ కథా కాదు, ఒక లెక్కల చిట్టా.

ఇక నా సొంత సంగతి. 1982 ఎండాకాలం. నాకు టీచరుగా ఉద్యోగమొచ్చి రెండేళ్ళు. ఏ ఊరో, ఏ ఠాణానో ఇక్కడ అవసరం లేదు. ఒక సాయంత్రం జవాను సైకిల్ మీద వచ్చి, "సారూ, అమీన్‌సాబు జర రమ్మంటుండు, ఐదు నిమిషాల పని" అన్నాడు. వెళ్ళేసరికి బల్ల మీద కిరాణా దుకాణమాయన అప్పటికే కూచొని ఉన్నాడు. మా ముందు మూడు తెల్లకాగితాలు పెట్టి కింద సంతకం చేయమన్నారు. "దీంట్ల ఏం రాస్తరు సార్?" అని అడిగాను. "రాసుడు మేం జూసుకుంటం. నువ్వు పొల్లగాండ్లకు రాయించుకోపో" అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వానని ఒప్పుకోవాలి. సంతకం చేసి బయటికొచ్చాను.

రెండు వారాలకు తెలిసింది. మా బడిలోనే చదువుకున్న ఒక యువకుని గది సోదా చేసినట్టు, అందులో నిషిద్ధ సాహిత్యం దొరికినట్టు, మేమిద్దరం పంచులుగా దగ్గరుండి చూసినట్టు పంచనామా తయారైంది. జప్తు చేసిన పుస్తకాల జాబితాలో గోర్కీ 'అమ్మ' ఉంది. పెళ్ళి ముహూర్తాల దగ్గర పెన్సిలు గీతలున్న పంచాంగం కూడా ఉంది. సోదాకు ఆ ప్రాంతంలోని గౌరవనీయులైన ఇద్దరు స్వతంత్ర వ్యక్తులు సాక్షులుగా ఉండాలని నేరవిచారణ స్మృతి చెబుతుంది. పోలీసు మాట ఒక్కటే చాలదని, పౌరుని రక్షణకోసం పెట్టిన నిబంధన అది. దాన్ని నాతో ఎలా నింపారో చూడండి. నిజమైన సాక్షిని తరిమినంత మాత్రాన రాజ్యానికి సరిపోదు. ఆ ఖాళీలో కూచోబెట్టడానికి సొంత సాక్షి కావాలి. అందుకు దుర్మార్గుడు అక్కర్లేదు, నెలజీతం మీద బతికే పిరికివాడు చాలు.

నెల తర్వాత పౌరహక్కుల సంఘంవాళ్ళు నిజనిర్ధారణకు వచ్చారు. ఐదుగురు, మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడిచి వచ్చారు. ఒకాయన చేతిలో గుడ్డసంచి, నోటుబుక్కు. బడి కిటికీలోంచి చూసి నేను స్టాఫ్‌రూములోకి పోయాను. వాళ్ళు అక్కడికీ వచ్చారు. "నాకేం తెల్వదండి" అన్నాను. ఆయన ఒత్తిడి చేయలేదు. నా మాటనే నోటుబుక్కులో రాసుకొని, "ఈ మాట చాలండి" అని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత అచ్చయిన నివేదికలో ఆ వాక్యం ఉంది: పంచుగా చెప్పబడిన ఉపాధ్యాయుడు తనకేమీ తెలియదన్నాడు. నేను దాక్కోవడానికి ఆడిన అబద్ధమే నిజానికి ఉపయోగపడింది.

1986లో కోర్టు పిలిచింది. సోదా నీ ఎదుట జరిగిందా అంటే లేదన్నాను. సంతకం నీదేనా అంటే నాదేనన్నాను. ప్రాసిక్యూటరు నన్ను 'హోస్టయిల్' సాక్షిగా ప్రకటించమని కోరాడు, కోర్టు ఒప్పుకుంది. చట్టపరిభాషలో దానికి వేరే అర్థమేముందో నాకు తెలుసు. కాని జీవితంలో మొదటిసారి నిజం చెప్పినందుకు నాకు 'ఎదురుతిరిగినవాడు' అని పేరొచ్చిందని ఇంటికొచ్చి చెబితే, మా బాపు చాలాసేపు ఏమీ అనలేదు. కేసు కొట్టేశారు. ఆ యువకుడు అప్పటికే పద్నాలుగు నెలలు జైల్లో గడిపాడు. మరుసటేడు నాకు దూరం బదిలీ అయింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను.

నేను సంతకం చేసిన ఏడాదికి ముందే ఇంద్రవెల్లి జరిగింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఆ ఊరి సంత. గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. అటవీభూముల పట్టాలు, వడ్డీవ్యాపారుల దోపిడీ దాని అంశాలు. సభ నిషేధమని ఉత్తర్వు వచ్చింది. గూడేలనుంచి నడిచి వస్తున్న గోండులకు ఆ సంగతి చెప్పినవాడెవడు? కాల్పుల్లో 13 మంది చనిపోయారని ప్రభుత్వం అన్నది. పౌరహక్కుల కార్యకర్తలు దానికి ఎన్నో రెట్లు చెప్పారు. గాయపడినవాళ్ళను అడవిలోకి మోసుకుపోయారు, అక్కడ పోయినవాళ్ళను ఎవరు లెక్కించారు? ఈ రెండు అంకెల మధ్యనున్న దూరమే నేను చెబుతున్న విషయం. ఆ దూరాన్ని కొలవగలవాళ్ళు గూడేల్లో ఉన్నారు, వాళ్ళను ఎవరూ కోర్టుకు పిలవలేదు. అమరుల పేర కట్టిన స్తూపం 1986లో కూల్చివేతకు గురైంది. తర్వాత సర్కారు సంస్థ ఐటిడిఎ మళ్ళీ కట్టించింది. కట్టించారు గాని, ఏళ్ళతరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు, దాని దగ్గరికి ఎవరూ పోకుండా 144 సెక్షను పెట్టారు. రాయిని నిలబెట్టవచ్చు, దానిముందు నిలబడి పేర్లు చదవరాదు.

1985 తర్వాత కాలాన్ని మా జనం 'ఆట మాట పాట బంద్' అని గుర్తుపెట్టుకున్నారు. నలుగురు పాటగాళ్ళు డప్పు తీస్తే కేసు. కాని ఆ ఏళ్ళలో జరిగిన హత్యల వరుస చూస్తే ఎంపిక దేనిమీద జరిగిందో తెలుస్తుంది. 1985 జనవరిలో జగిత్యాల న్యాయవాది, పౌరహక్కుల సంఘం నాయకుడు గోపి రాజన్నను చంపారు. మావైపు ఇంటికొక రాజన్న ఉంటాడు, వేములవాడ దేవుని పేరే అది. ఆ పేరు పత్రికలో చూసి మా వాడలో రెండిళ్ళవాళ్ళు ముందు ఉలిక్కిపడ్డారు. అదే ఏడు సెప్టెంబరు 3న వరంగల్‌లో డాక్టర్ రామనాథం. పిల్లల వైద్యుడు, సంఘం ఉపాధ్యక్షుడు. అంతకు ముందురోజు నక్సలైట్లు కాజీపేటలో ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్‌ను చంపారు. ఆ శవంతో పోలీసులు తీసిన ఊరేగింపు ఆసుపత్రి మీదుగా పోతుండగా, అందులోంచి వచ్చినవాళ్ళే డాక్టరును కాల్చి చంపారు. పట్టపగలు, చిన్నపిల్లలను ఎత్తుకొని వచ్చిన తల్లులు చూస్తుండగా. 1986లో కరీంనగర్‌లో జాపా లక్ష్మారెడ్డి. 1991 డిసెంబరులో వరంగల్ న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ. వీళ్ళ పని శవపంచనామాలు చదవడం, ఊళ్ళకు పోయి అడగడం, హెబియస్ కార్పస్ పిటిషన్లు వేయడం, కరపత్రం అచ్చువేయడం. వైద్యుడు, వకీలు, పంతులు. ఇంతకంటె సాధు వృత్తులుంటాయా? అయినా వీళ్ళు బతికుండటం ఇబ్బందయింది.

ఇక్కడ మనవైపు ఒక మాట కూడా చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఒక పంచనామా అవుతుంది. నాబోటి పంచులు పోలీసులకు ఎంత భయపడ్డారో, 'ఇన్‌ఫార్మరు' అన్న ముద్రకూ అంత భయపడ్డారు. ఆ ముద్రతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మా జిల్లాలో ఉన్నారు. వాళ్ళకు వకీలు లేడు, అప్పీలు లేదు. రాజ్యహింసను ప్రశ్నించేవాళ్ళు ఈ హింసను కూడా ప్రశ్నించాలా అన్న చర్చతోనే పౌరహక్కుల సంఘం చీలింది. బాలగోపాల్, ఆయన సహచరులు బయటికొచ్చి 1998లో మానవహక్కుల వేదిక పెట్టారు. రాజ్యానికీ ఉద్యమానికీ ఒకే త్రాసు కుదరదని వాదించినవాళ్ళ మాటలో బలం లేకపోలేదు. చట్టం పేర చంపే హక్కు రాజ్యానిదే. అయినా చూసినవాడు భయపడి నోరు మూసుకునే పరిస్థితి ఎవరు కల్పించినా అది చివరికి బలవంతునికే పనికొస్తుందని నా అనుభవం చెబుతోంది.

ఆ కార్యకర్తలు వదిలిపోయిన కాగితాలు వృథా కాలేదు. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల నుంచే జాతీయ మానవహక్కుల కమిషన్ ఆలోచన మొదలైంది. 1997 మార్చి 29న అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశాడు. పోలీసు చేతిలో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాలి, దర్యాప్తు వేరే సంస్థ చేయాలి అన్నది దాని సారం. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకొంచెం ముందుకు పోయింది. ఎన్‌కౌంటర్‌లో చంపిన ప్రతిసారీ ప్రాణం తీసిన నేరం కింద ఎఫ్.ఐ.ఆర్. కట్టాల్సిందే, ఆత్మరక్షణకోసం కాల్చామన్న వాదన ఉంటే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి అన్నది. మామూలు మనిషికి వర్తించే సూత్రమే పోలీసుకూ అని చెప్పడానికి అరవయ్యేళ్ళు పట్టింది. నెల తిరిగేసరికి సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టే మహారాష్ట్ర కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఉన్నాయి. వాటిని పట్టుకొని అడిగేవాడు ఉన్నచోట కొంత పనిచేస్తాయి.

రచయితల సంగతికి వస్తాను. మన సంఘాల మీద వచ్చిన నిషేధాల గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2005 ఆగస్టు 17న విరసాన్ని నిషేధించారు, నవంబరు నాటికి ఆ నిషేధం నిలవలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం 16 సంస్థలను నిషేధిస్తూ జీవో తెచ్చింది. అందులో రచయితలున్నారు, పౌరహక్కులవాళ్ళున్నారు, ఆదివాసీల తుడుందెబ్బ ఉంది. కొన్ని నెలలకే వెనక్కి తీసుకున్నారు. నేనడిగేది వేరు. కరీంనగర్ రైతాంగ జీవితాన్ని అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' నవలగా రాశాడు. మంచి కథలు చాలా వచ్చాయి. కాని ఆ కాలపు నిజనిర్ధారణ నివేదికలను మనం సాహిత్యంగా ఎప్పుడైనా చదివామా? విశేషణం లేని వచనం అది. ఊరిపేరు, తేదీ, బుల్లెట్ ఎక్కడ తగిలింది, చొక్కా మీద రంధ్రం ఉందా, శవాన్ని ఎవరికి అప్పగించారు, భార్య ఏమన్నది. మన కవిత్వంలో అమరుడు నక్షత్రమై వెలిగినప్పుడు, నివేదికలో అతని కుడిచేతికి రాపిడి గాయాలుంటాయి. తాడుతో కట్టేశారని ఆ గాయాలు చెబుతాయి. పాలకులకు నక్షత్రంతో పేచీ లేదు. నేను కవిత్వాన్ని తక్కువ చేయడం లేదు. తేదీ వేయని బాధను కాదనడం తేలిక అంటున్నాను, అంతే.

ఇప్పటి రోజులకు వస్తే పద్ధతులు మారాయి. 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త నేరవిచారణ చట్టం సోదాను వీడియో తీయాలంటోంది. నాలాంటి పంతులు తెల్లకాగితం మీద సంతకం పెట్టే అవసరం తగ్గవచ్చు. కాని కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఏ క్షణాన ఆన్ చేశారు, ఆ ఫోనులో, కంప్యూటర్‌లో ఉన్నది ఎవరు పెట్టారు అన్న ప్రశ్నలు కొత్తగా పుట్టాయి. భీమా కోరేగావ్ కేసులో వరవరరావు సహా ఎందరో రచయితలు, లాయర్లు, అధ్యాపకులు విచారణ మొదలుకాకముందే ఏళ్ళు జైల్లో గడపడం మనం చూశాం. స్టాన్ స్వామి 2021 జూలై 5న బెయిలు రాకుండానే చనిపోయాడు. ఉపా చట్టం కింద బెయిలు దశలో పోలీసుల కాగితమే దాదాపు చివరిమాట. దాన్ని ప్రశ్నించే సాక్షి విచారణ దాకా ఆగాలి. విచారణ ఎప్పుడో తెలియదు. పాత కల్లోలిత ప్రాంతానికి ఒక తాలూకా సరిహద్దు ఉండేది. ఇప్పుడది మనిషి వెంటే నడుస్తోంది.

మన దగ్గరి ఉదాహరణే ఒకటి. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో ఒక ఎఫ్.ఐ.ఆర్. కట్టారు, ఉపా కింద, 152 మంది పేర్లతో. ప్రొఫెసర్ హరగోపాల్ పేరు అందులో ఉన్నట్టు పది నెలలదాకా, 2023 జూన్ దాకా, బయట ఎవరికీ తెలియదు. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరు కూడా ఉంది. ఆయన 2020లోనే చనిపోయాడు. దేశంలో ఎక్కడ మూక హింస జరిగినా, కాల్పులు జరిగినా పోయి చూసి రాసిన మనిషి ఆయన. పోయాక కూడా నిందితుడయ్యాడు. గొడవయ్యాక ప్రభుత్వం ఆ కేసు ఉపసంహరించుకొమ్మని చెప్పింది.

వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. 1978 నాటి ప్రకటన చదివిన హోటలు లేదు. నా దగ్గర ఆ కాలపు కరపత్రాలు ఏడు, నివేదికలు రెండు మిగిలాయి. ఒకదానికి చెదలు పట్టాయి. నా గురించిన వాక్యమున్న నివేదిక ఆ రెండింటిలో ఒకటి. సిరిసిల్ల, జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎవరి పెట్టెల్లోనైనా ఇలాంటివి ఉంటే పారేయకండి. వాటి వెనక ఊరిపేరు, ఏ సంవత్సరమో, ఎవరిచ్చారో పెన్సిలుతో రాసి పెట్టండి. రాసేటప్పుడు మీకు తెలిసినది మాత్రమే రాయండి.